జీవో కన్నా ముందు పండుగ

తెలంగాణ అధికారిక చిహ్నాల గురించి రాసేవాళ్లు 2014తో మొదలుపెడతారు. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన రాజముద్ర వచ్చింది. నవంబరులో పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు ప్రకటించారు. దాంతో ఉమ్మడి రాష్ట్రపు గుర్తులన్నీ పోయాయని తేల్చేస్తారు. తేదీలు సరైనవే, తేల్చిన మాటతోనే నాకు పేచీ.

రాజముద్ర మీద 2024లో నడిచిన వాదం అందరికీ తెలిసిందే. ముద్రలోని కాకతీయ తోరణం, చార్మినార్ రాచరికపు గుర్తులన్నారు. ఓరుగల్లు కోటలోని ఆ తోరణాలు రాజభవన ద్వారాలు కావు, స్వయంభూ శివాలయ ప్రాంగణానివి. చార్మినార్ 1591 నాటి కుతుబ్‌షాహీ కట్టడం. అయితే ఇరవయ్యో శతాబ్ది మొదట్లో దాన్ని నాణేల మీదికి ఎక్కించింది నిజామే గనుక ఆ వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

అసలు చూడాల్సింది మిగతా నాలుగింటిని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పక్షి కూడా పాలపిట్టే. వేప పోయి జమ్మి, కలువ పోయి తంగేడు, కృష్ణజింక పోయి చుక్కల జింక వచ్చాయి. పక్షి మాత్రం కదల్లేదు. దాన్ని వదులుకున్నది ఆంధ్రప్రదేశే, 2018లో రామచిలుకను ఎంచుకుని. అన్నిటినీ మార్చాలనుకున్న రోజుల్లో ఇదొక్కటి ఎలా నిలిచింది? నాకు తోచిన కారణం దసరా. దోమకొండలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఆ సాయంత్రం జమ్మికి మొక్కి, పేర్లు రాసిన చీటీలు కొమ్మలకు కట్టి, ఆకు తెంపుకొస్తారు. పెద్దల చేతిలో ఆ ‘బంగారం’ పెట్టి కాళ్లు మొక్కుతారు. అంతకుముందే పాలపిట్ట కంటబడితే ఏడాదంతా మంచిదంటారు. తీగ మీద కూర్చున్నంతసేపు మట్టిరంగు పిట్ట, లేచిందంటే రెక్కల నిండా నీలం. దసరాకు ముందు తొమ్మిది రోజులూ తంగేడు లేని బతుకమ్మ ఉండదు. ప్రభుత్వం ఎంచలేదు, పండుగ ఎంచినదాన్ని నమోదు చేసుకుంది.

బతుకమ్మను ఊరి వాకిలి నుంచి రాజకీయ వేదిక మీదికి తెచ్చింది తెలంగాణ ఉద్యమమే కాబట్టి తంగేడు విషయంలో దాని వాటా కాదనలేం. జింక కూడా నా లెక్కలో ఇమడదు. దాన్ని చూడాలంటే పండుగకు కాదు, పోచారం అభయారణ్యానికి పోవాలి.

జమ్మి మన ఒక్కరిదే కూడా కాదు. ఎడారి రాష్ట్రం రాజస్థాన్ ఇదే చెట్టును ఖేజ్రీ పేరుతో 1983లో రాష్ట్ర వృక్షం చేసుకుంది. అక్కడ దాని ఆకు పశువుల మేత, కాయ మనుషుల కూర. 1730లో ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. అక్కడది ఏడాది పొడవునా బతుకుదెరువు, ఇక్కడ ఒక్క సాయంత్రపు మొక్కు. మన జమ్మికి కాపలా కరువైంది అందుకే.

నాలుగు పేర్లూ చక్కగా కుదిరాయి, సంరక్షణే కుదరలేదు. తంగేడు పూసే బంజర్లు ప్లాట్లవుతున్నాయి. అన్నిటికన్నా బాధ పాలపిట్టది. దసరా దర్శనం పేరుతో దాన్ని వలేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి నగర వీధుల్లో తిప్పుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దసరా నాడు ఎవరైనా పంజరంతో మీ గుమ్మం ముందుకొస్తే పైసా ఇవ్వకండి, అటవీశాఖకు ఫోన్ చేయండి.