దూలానికి వేలాడే సొరబుర్ర

మా ఊరి పాతింట్లో వంటింటి దూలానికి ఒక సొరబుర్ర వేలాడుతూ ఉంటుంది. ఎండి, పొగచూరి, నల్లగా మెరుస్తుంది. మెడకు చుట్టిన తాడు ఇంకా అట్లనే ఉంది. ఎండాకాలం సెలవులకు వచ్చే పిల్లలు దాన్ని చూసి “ఇది వీణకు కట్టేదా?” అని అడుగుతారు. కాదు నాయనా, అది మన ఇంటి ఈత బడి. ఆ బడి ఎట్ల నడిచిందో, ఎందుకు మూతపడిందో రాసిపెట్టాలని చాలా ఏండ్లుగా అనుకుంటున్నాను. ఈ ఆడి నెల రాకముందే రాస్తున్నాను. కారణం చివర్లో మీకే తెలుస్తుంది.

మా ఊరు తిరుచ్చికి, కుళిత్తలైకి మధ్య కావేరి ఒడ్డున ఉంది. విజయనగర కాలంలోనూ, తర్వాత మదురై నాయకుల కాలంలోనూ ఇటు వచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటని పెద్దలు చెప్పేవాళ్లు. నది పక్కనే ఉన్నా, పిల్లలకు ఈత నేర్పింది నదిలో కాదు, పొలంలోని మెట్ల బావిలో. ఏడెనిమిదేండ్లు రాగానే మగపిల్లవాడి వీపుకు సొరబుర్ర కట్టేవాళ్లు. నడుముకు ఇంకో తాడు. దాని కొస ఒడ్డున కూర్చున్న పెద్దనాయన చేతిలో. మొదట మెడలోతు మెట్టు మీద నిలబడి ముక్కు మూసుకుని మునగడం, తర్వాత మెట్టు పట్టుకుని కాళ్లు ఆడించడం, తర్వాత బావికి అడ్డంగా ఈదడం. కొన్నాళ్లకు బుర్ర విప్పేసేవాళ్లు. ఆ రోజు ఇంట్లో పాయసం. సొరబుర్ర దొరకని ఇండ్లల్లో ఎండిన మునగ బెండ్లు కట్టేవాళ్లు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఈ చుట్టుపక్కల నీళ్ల కట్టడాలను చూస్తే, మనిషి నీళ్లలోకి దిగే తీరును కట్టినవాళ్లు ఎంత బాగా ఆలోచించారో తెలుస్తుంది. తిరుచ్చికి ఉత్తరంగా తిరువెళ్లఱైలో స్వస్తిక ఆకారంలో ఒక పెద్ద బావి ఉంది. దంతివర్మ పల్లవుని కాలానిది, సుమారు 1200 ఏండ్ల నాటిది. నాలుగు వైపుల నుంచి నాలుగు మెట్ల దారులు మలుపు తిరిగి నీళ్ల దగ్గరికి దిగుతాయి. ఒక దారిలో దిగినవాళ్లు ఇంకో దారిలోని వాళ్లకు కనబడరు. తిరుచ్చి కొండ కింది తెప్పకుళాన్ని విశ్వనాథ నాయకుడు తవ్వించాడని చెబుతారు. మదురై వండియూరు తెప్పకుళం తిరుమల నాయకుని కాలంలో, అంటే 17వ శతాబ్దంలో వచ్చింది. వీటన్నిటికీ మెట్లున్నాయి. మెట్టు అంటే నీళ్లలోకి దిగే దారి ఒక్కటే కాదు, లోతు చెప్పే కొలత కూడా. ఇక్కడ మోకాలు, ఇక్కడ నడుము, ఇక్కడ మెడ అని కాలికి తెలుస్తుంది. నదికి ఆ మెట్లు లేవు. మన కథలో దుఃఖం అక్కడే మొదలవుతుంది.

మా నాయనకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఆడి పద్దెనిమిదో రోజు. తమిళంలో ఆడిపెరుక్కు అంటారు, మన ఇండ్లల్లో “ఆడి పద్దెనిమిది” అనే అలవాటు. కావేరికి కొత్త నీళ్లు వచ్చే పండుగ. ఇల్లంతా చిత్రాన్నాలు మూటకట్టుకుని నది ఒడ్డుకు పోయారు. ఆడవాళ్లు కావేరమ్మకు పసుపు కుంకుమ, పూలు వదిలి, మెడల్లో పసుపు దారాలు కట్టుకుంటున్నారు. అంతలో నాయన పెదతల్లి కొడుకు, పదేండ్ల పిల్లవాడు, మోకాళ్ల లోతులో ఆడుతూ ఆడుతూ ఇసుక గుంటలో జారిపోయాడు. వాణ్ణి చూసి మా చిన్నతాత దూకాడు. ఊళ్లో అంతటి ఈతగాడు లేడు. పిల్లవాడి దగ్గరికి పోయాడు కూడా. భయంతో ఆ పిల్లవాడు చిన్నతాత మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు. ఇద్దరూ తేలలేదు.

మా అవ్వ దీన్ని జీవితంలో రెండు మూడు సార్లే చెప్పింది. చెప్పినప్పుడల్లా చివర ఒకటే మాట. “ఒడ్డున పదిమంది ఆడవాళ్లం ఉన్నాం. అందరి ఒంటిమీదా ఎనిమిది గజాల చీరుంది. ఒక్కదానికీ తోచలేదు.”

ఆ తర్వాత మా ఇంట్లో ఒక కట్టుబాటు వచ్చింది. పిల్లలెవరూ నదిలో కాలు పెట్టకూడదు. కొన్నాళ్లకు అది బావికీ పాకింది. సొరబుర్రను అవ్వ దూలానికి కట్టేసింది. మా నాయన తరంలో ఈత వచ్చినవాళ్లు ముగ్గురో నలుగురో. మా తరంలో ఒకరిద్దరు. మా పిల్లల్లో, ఊరు దాటి పట్నాల్లో డబ్బు కట్టి నేర్చుకున్నవాళ్లు తప్ప, ఎవరూ లేరు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి కథ ఒకటి ఉంటే, దాని వెనకే ఇట్లాంటి కట్టుబాటూ ఉండి ఉంటుంది. భయం మమ్మల్ని కాపలా కాసింది గాని, ఏమీ నేర్పలేదు.

ఈ లోపల నది కూడా మారింది. 1830లలో ఆర్థర్ కాటన్ ముక్కొంబులో మేలణై కట్టించాడు. తర్వాత గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరే ఈయన. 1934లో మేట్టూరు డ్యామ్ పూర్తయింది. కుఱువై పంటకు ఏటా జూన్ 12న డ్యామ్ తెరవడం ఆనవాయితీ. నీళ్లు చాలని ఏడు అది వెనక్కి పోతుంది. అంటే ఇప్పుడు నది దానంతట అది రోజురోజుకూ పెరగడం కాదు, తలుపులు ఎత్తినప్పుడు వస్తుంది. ఎండాకాలమంతా ఇసుక మైదానంగా కనబడే చోట ఇసుక తవ్విన గుంటలుంటాయి. నీళ్లొచ్చి వాటిని కప్పేస్తే పైనుంచి అంతా ఒకటే. అడుగు తీసి అడుగు వేస్తే మోకాలి లోతు కాస్తా రెండు నిలువుల లోతు అవుతుంది. “నాకు ఈ రేవు చిన్నప్పటి నుంచీ తెలుసు” అనే మాట ఇప్పుడు చెల్లదు. పోయిన ఏడాది రేవు వేరు, ఈ ఏడాది రేవు వేరు.

మా పెద్దల ఈత చదువు మంచిదే. అయితే అది సగం చదువు. మగపిల్లలకు నేర్పారు, ఆడపిల్లలకు నేర్పలేదు. తాను తేలడం నేర్పారు, ఇంకొకరిని ఒడ్డున ఉండి కాపాడడం నేర్పలేదు. చిన్నతాతకు ఈత రాక పోలేదు. మునిగేవాడి దగ్గరికి ఉత్త చేతులతో పోకూడదని ఎవరూ చెప్పక పోయాడు. మునిగే మనిషి సినిమాల్లో మాదిరి చేతులూపి కేకలు పెట్టడు. నోరు నీటి మట్టం దగ్గరే ఉంటుంది, ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇంక కేక ఎక్కడిది? చేతులు తెలియకుండానే నీటిని కిందికి నొక్కుతుంటాయి. దగ్గరికి ఏది వస్తే దాన్ని ఎక్కబోతాడు. అది మనిషి మెడైనా సరే. అంతా నిమిషం లోపే అయిపోవచ్చు.

పైకి తీసిన తర్వాత ఏం చేయాలన్నది ఇంకో తెలియని సంగతి. మన ఊళ్లల్లో తలకిందులుగా పట్టుకుని తిప్పేవాళ్లు, పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించేవాళ్లు. ఇది మన ఒక్కరి అజ్ఞానం కాదు. కాలువల ఊరైన ఆమ్‌స్టర్‌డామ్‌లో మునిగినవాళ్లను కాపాడేందుకు 1767లోనే ఒక సంఘం పెట్టారు. కాపాడినవాళ్లకు బహుమానాలిచ్చారు, ఏం చేయాలో అచ్చువేసి పంచారు. అయితే వాళ్ల పద్ధతుల్లో మునిగినవాడి పేగుల్లోకి పొగాకు పొగ ఊదడం కూడా ఉండేది! నోటితో ఊపిరి ఊదమని పారిస్ సైన్స్ అకాడమీ 1740లోనే చెప్పింది. దానికి ఛాతీ నొక్కడం కలిసి నేటి పద్ధతిగా స్థిరపడింది 1960 ప్రాంతంలో. పొట్ట నొక్కితే లోపలిది గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఊపిరి ఊదాల్సిన నిమిషాలూ పోతాయి. ఊపిరి లేదంటే వెంటనే నోటితో ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యన 30 సార్లు గట్టిగా నొక్కి, 2 సార్లు ఊదాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేస్తుండగా ఆపకుండా చేయాలి. దీన్ని చదివితే రాదు, శిక్షణ ఇచ్చేవాళ్ల దగ్గర బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి.

అవ్వ మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది 2020 ఆగస్టులో. తిరుచ్చి పక్కనే ఉన్న పెరంబలూరు జిల్లా కొట్టరై డ్యామ్‌లో నలుగురు కుర్రాళ్లు మునిగిపోతుంటే, అక్కడున్న ముగ్గురు ఆడవాళ్లు ఒంటిమీది చీరలు విప్పి నీళ్లలోకి విసిరారు. ఇద్దరు వాటిని పట్టుకుని బతికారు. ఇద్దరు దక్కలేదు. ఆ నెలలోనే తమిళనాడు ప్రభుత్వం ఆ ముగ్గురికీ కల్పనా చావ్లా పేరిట ఇచ్చే సాహస పురస్కారం ఇచ్చింది. పేపర్లో అది చదివి నేను చాలాసేపు కదల్లేదు. మా ఒడ్డున పదిమందికి తోచనిది ఆ ముగ్గురికి తోచింది. మా అవ్వావాళ్లు చేతకానివాళ్లు కారు. సిగ్గు, భయం, తెలియనితనం మూడూ కలిసి చేతులు కట్టేశాయి. “అట్లాంటప్పుడు చీర విప్పి విసరవచ్చు, అందులో తప్పు లేదు” అని ముందే ఒక్క పెద్దామె ఒక్కసారి చెప్పి ఉంటే చాలు. చదువంటే నా దృష్టిలో ఆ ఒక్క మాట.

మన దేశంలో ఏటా సుమారు 38 వేల మంది నీళ్లలో మునిగి పోతున్నారని నేర గణాంకాల సంస్థ 2022 లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉపాయాలు పెద్ద ఖర్చువి కావు. నీళ్ల చుట్టూ అడ్డు కట్టడం, చిన్నపిల్లలకు నీళ్లకు దూరంగా కనిపెట్టి చూసే చోటు, బడి పిల్లలకు ఈత, చుట్టూ ఉన్నవాళ్లకు కాపాడే శిక్షణ, పడవలకు నియమాలు, వరదకు ముందు జాగ్రత్త. బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువులోనే వెదురు అరుగు కట్టి పిల్లలకు ఈత నేర్పుతున్నారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకండ్లు తేలి ఉండడం, ఒడ్డు నుంచి కర్ర అందించి కాపాడడం, ఈ మూడూ వస్తేనే నేర్చుకున్నట్టు లెక్క. తల్లులు వంటపనిలో ఉండే పొద్దుటి వేళల్లో చంటిపిల్లలను ఒకచోట చేర్చి చూసుకుంటారు. మా మెట్ల బావికీ, వాళ్ల వెదురు అరుగుకూ తేడా ఎంతని? మనం వదిలేసినదాన్ని వాళ్లు సరిచేసి పట్టుకున్నారు, అంతే.

ఐక్యరాజ్య సమితి 2021లో జూలై 25ను నీట మునకల నివారణ దినంగా ప్రకటించింది. పంచాంగం చూడండి. ఆడి పద్దెనిమిది ఆగస్టు 2నో 3నో వస్తుంది. మధ్యలో వారం రోజులు పైనే ఉంది. మనకోసమే పెట్టినట్టుంది. అందుకే మా ఇంట్లో ఈ ఏడు నుంచి జూలై 25కు దగ్గరి ఆదివారం అందరం పాతింట్లో కలవాలని అనుకున్నాం. వచ్చేవాళ్లు ఈ కింది పనులకు సిద్ధపడి రండి.

ఒకటి, ఆ రోజు పెరట్లో పాత చీరలు, పంచెలు ముడివేసి విసరడం అందరం చేసి చూస్తాం. కొసన కొంచెం తడిపి ముడి వేస్తే దూరం పోతుంది. విసిరేవాళ్లు పడుకునో కూర్చునో విసరాలి, వెనక ఇంకొకరు పట్టుకోవాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను కూడా మనిషిని తేలుస్తుంది. రెండు, ఆరేండ్లు దాటిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ వచ్చే ఎండాకాలంలోపు ఈత నేర్వాలి. ఆడపిల్లలు ముందు. మూడు, చంటిపిల్లలున్న ఇండ్లల్లో అండాకు, సంపుకు మూత ఉందో లేదో ఆ రోజే చూసుకోండి. బొక్కెనెడు నీళ్లు చాలు బిడ్డకు. నాలుగు, ఆడి పద్దెనిమిది నాడు నదికి పోయే ప్రతి గుంపులో ఒకరు పూజ చేయరు, తినరు, ఫోన్ చూడరు. తాడు పట్టుకుని పిల్లలనే చూస్తూ కూర్చుంటారు. గంటకొకరు మారతారు.

ఈ ఏటి మొదటి గంట నాది. సొరబుర్రను దూలం నుంచి దించుతాను. అది ఇప్పుడు ఎవరినీ తేల్చలేదు, చీలికలు వచ్చేశాయి. కొత్త తాడు మాత్రం కొన్నాను, ఇరవై గజాలది.