తోకలో ఇంకో @

2010 వానాకాలం. మాదాపూర్‌లో నాలుగో అంతస్తు. కిటికీ అద్దాల్ని వాన బాదుతోంది. గదిలో తడి గొడుగుల వాసన. కుర్రాడు ఎంటర్ కొట్టాడు. మళ్లీ అదే మాట: '2ఎక్స్.పీఎన్‌జీ' అనే రివిజన్ అర్థం కాలేదట.

రివిజనా? వాడు రివిజన్ ఊసే ఎత్తలేదు!

ఫైళ్ల ప్రతి మార్పునీ రివిజన్ నంబరుతో దాచిపెట్టే సబ్‌వెర్షన్‌లో ఒక బొమ్మ చేర్చమన్నాడంతే. పేరు ఐకాన్@2ఎక్స్.పీఎన్‌జీ. ఆ జూన్‌లోనే ఐఫోన్ 4 వచ్చింది. 320, 480 పిక్సెళ్ల తెర 640, 960 అయింది. యాప్‌లోని ప్రతి బొమ్మకీ రెట్టింపు సైజు జోడీ కావాలి. దాని పేరులో @2ఎక్స్ లేకపోతే ఫోన్ గుర్తుపట్టదు. పేరు మార్చే దారి మూసుకుపోయింది. అలాంటి బొమ్మలు నలభై. బిల్డ్ తెల్లారేలోగా పోవాలి.

పేరుని కొటేషన్లలో పెట్టాడు. మళ్లీ అదే తప్పు. @ ముందు బ్యాక్‌స్లాష్ కొట్టాడు. మళ్లీ అదే తప్పు.

"అన్నా, పేరుని మధ్యలో నరికేస్తోంది."

సీనియర్ కుర్చీ ఈడ్చుకొచ్చాడు. "కొటేషన్లు కమాండ్ చదివే షెల్ దగ్గరే రాలిపోతాయిరా. లోపలికి పోయేది ఉత్త పేరే. నరికేది సబ్‌వెర్షన్."

"దానికేం పని?"

పని ఉంది. ఏళ్లు నడిచే ప్రాజెక్టులో ఒక ఫైలుని ఎవరో తీసేస్తారు, ఆర్నెల్లకి ఇంకెవరో అదే పేరుతో వేరే ఫైలు పెడతారు, ఆ తర్వాత మొదటిదాని చరిత్ర కావాలని ఎవరైనా వస్తే ఉత్త పేరుతో అది ఏదో తేలదు గనుక, పేరు పక్కన @ పెట్టి రివిజన్ నంబరు రాస్తే అప్పుడు ఆ పేరుతో ఉన్న ఫైలే దొరికేలా 2004లో 1.1 వెర్షన్‌తో పెగ్ రివిజన్ తెచ్చారు. ఎన్నో చరిత్రల్ని కాపాడిన గొప్ప ఏర్పాటు. ఈ రాత్రి అదే అడ్డం పడుకుంది.

"అది చూసేది చివరి @నే," అన్నాడు సీనియర్, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

కుర్రాడి చెయ్యి ఆగింది. చివరిదే? అయితే తోకలో ఇంకోటి తగిలిస్తే?

టైప్ చేశాడు. ఐకాన్@2ఎక్స్.పీఎన్‌జీ@. తోక @ తర్వాత ఏమీ లేదు. అంటే రివిజన్ అడగనట్టే. దాని ముందున్నదంతా పేరే. వేలు ఎంటర్ మీద నిలబడింది. ఉరుము ఉరిమింది. కొట్టాడు.

తెర మీద చేర్చినట్టు గుర్తు పడింది. పక్కనే పేరు. నరకకుండా, నిండుగా. తోక @ మాత్రం లేదు.

"ఒకటి ఎక్కింది! ఇంకా ముప్పై తొమ్మిది, అన్నా."

"లూప్ రాయి. ఒక్క పేరుకీ తోక మర్చిపోకు."