225 తలుపులు

వీడియో కాల్‌లో మనవడు తల ఊపాడు. వాడి వెనకున్న గోడ, గోడమీది క్యాలెండరు కదల్లేదు. మరి సెకనుకు 30 సార్లు ఆ గోడను మళ్లీ మళ్లీ పంపడం దేనికి? 'పాత చిత్రంలోని ఈ ముక్క ఇంత పక్కకు జరిగింది' అని చెబితే చాలు. మిగిలిన కాస్త తేడానూ డీసీటీ అనే లెక్కతో కుదించి పంపేస్తారు. (1974లో ఆ డీసీటీని ప్రతిపాదించిన ముగ్గురిలో ఒకరైన కె.ఆర్. రావు ఇంటిపేరు కామిశెట్టి.)

చిక్కల్లా ఆ ముక్క ఎటు జరిగిందో కనిపెట్టడంలోనే ఉంది. ముక్కంటే నిలువునా అడ్డంగా 16 పిక్సెళ్లు. నాలుగు వైపులా ఏడేసి పిక్సెళ్ల మేర వెతకాలంటే 225 చోట్ల ఆనించి చూడాలి. చోటుకు 256 తీసివేతలు, అంటే ముక్కకు 57,600. 352×288 చిత్రంలో అలాంటి ముక్కలు 396. సెకనుకు 68 కోట్ల పైచిలుకు తీసివేతలన్నమాట! 1980 నాటి యంత్రాలకు అది గొంతెమ్మ కోరికే.

కొత్త ఊళ్లో సుబ్బారావుగారి ఇల్లు వెతుక్కునేవాడు ప్రతి తలుపూ తట్టడు. సెంటర్లో అడుగుతాడు, చూపించిన వీధిలోకి వెళ్లి మళ్లీ అడుగుతాడు. 1981లో అమెరికాలో జస్వంత్ జైన్, అనిల్ జైన్ చేసిందీ, జపాన్‌లో ఎన్‌ఈసీ కంపెనీకి చెందిన కోగా బృందం చేసిందీ ఇదే. కోగా పద్ధతిలో మొదట నాలుగేసి పిక్సెళ్ల ఎడంతో తొమ్మిది చోట్లు, బాగా కుదిరినచోట ఆగి రెండేసి ఎడంతో ఎనిమిది, చివరికి ఒక్కో పిక్సెల్ ఎడంతో మరో ఎనిమిది. వెరసి 25. మూడంగల్లో పని ముగుస్తుంది. అప్పుడప్పుడూ వేరే సుబ్బారావు ఇంటికి చేరుస్తుంది, అది వేరే సంగతి.

లెక్క తొమ్మిదో వంతుకు పడిపోయింది కదా, చిప్పులు చేసేవాళ్లు ఎగబడి ఉండాలి. ఎగబడలేదు. 1989లో పేరుపడ్డ డిజైన్లు 225 తలుపులూ తట్టినవే! స్లాబు వేసేచోట కూలీలు వరుసగా నిలబడి తట్టలు అందించుకోవడం చూసే ఉంటారు. చిప్పుకు కావలసింది ఆ వరుస. పక్కపక్క చోట్లలో 16 నిలువు వరుసలకు 15 ఉమ్మడివే కాబట్టి, మెమరీనుంచి ఒక్కసారి తెచ్చిన పిక్సెల్ చేతులు మారుతూ అందరికీ పనికొస్తుంది. మూడంగల వెతుకులాటలో ఆ వీలు లేదు. మొదటి జవాబు వచ్చేదాకా రెండో అంగ ఎటో తెలియదు, ఈలోగా కూలీలంతా ఖాళీ. లెక్క తగ్గినా తట్టలు మోసే దూరం తగ్గలేదు.

1994లో తైవాన్ పరిశోధకులు తొమ్మిది చోట్లకు తొమ్మిది లెక్కింపు యూనిట్లు పక్కపక్కనే పెట్టి మూడంగల వెతుకులాటను చాలావరకు దారికి తెచ్చారు. అదే ఏడాది మరో బృందం, చాలా ముక్కలు ఉన్నచోటినుంచి పెద్దగా కదలవు కాబట్టి నడిమధ్యనే ముందు గట్టిగా వెతకమంది. 1996లో నాలుగంగల పద్ధతి వచ్చింది, ఆ వెంటనే వజ్రాకారపు వెతుకులాట. ఆ వజ్రం సాఫ్ట్‌వేర్‌కు ముద్దొచ్చింది గానీ, ఎన్ని అడుగుల్లో ఆగుతుందో ముందుగా చెప్పలేం. చిప్పుకేమో పైన చెప్పిన చిత్రానికే ముక్కకు 84 మైక్రోసెకన్ల గడువు.

ఇంతా చేసి, ఎలా వెతకాలో హెచ్.264 వంటి వీడియో ప్రమాణాలేవీ చెప్పవు. కుదించిన వీడియోను ఎలా విప్పాలన్నదే వాటిలో రాసి ఉంటుంది. వెతుకులాట ఎవరి చిప్పుది వారి సొంతం.