కూలి దయ కాదు, న్యాయం: ఆస్తి, అవినీతిపై క్యాథలిక్ బోధనను దళితులు ఎలా చదవాలి?

క్యాథలిక్ చర్చి అనగానే బడులు, ఆసుపత్రులు, దానధర్మాలు గుర్తొస్తాయి. కూలి, ఆస్తి, అవినీతి, ఆర్థిక వ్యవస్థల మీద ఆ చర్చికి 130 ఏళ్లకు పైబడిన లిఖిత బోధన ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధానమే దేశంలోని 1.9 కోట్ల క్యాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులని చెప్పింది. అంటే ఈ బోధన ఎక్కువగా ఎవరి బతుకు గురించి మాట్లాడాలో స్పష్టమే. అది ఏం చెబుతోందో, ఎక్కడ మౌనంగా ఉందో కార్యకర్తలు తెలుసుకోవాలి.

ఒప్పుకున్నంత మాత్రాన న్యాయమైన కూలి కాదు

ఆధునిక క్యాథలిక్ సామాజిక బోధనకు మొదలు 1891 మే 15న పోపు 13వ లియో వెలువరించిన ‘రేరుమ్ నొవారుమ్’ లేఖ. యూరప్ ఫ్యాక్టరీల్లో కార్మికులు నలిగిపోతున్న కాలమది. సొంత ఆస్తిని రద్దు చేయాలన్న సోషలిస్టుల వాదనను లియో తిరస్కరించారు. అదే లేఖలో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కుందన్నారు. పేదలను కాపాడటం ప్రభుత్వ బాధ్యత అన్నారు. అవసరం కొద్దీనో, భయం కొద్దీనో కార్మికుడు తక్కువ కూలికి ఒప్పుకుంటే అది స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందం కాదని, అతని మీద జరిగిన బలవంతమని తేల్చారు.

మన సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో దాదాపు ఇదే తర్కంతో తీర్పు ఇచ్చింది. ఆకలి, పేదరికం కూడా బలవంతమేనని, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరేనని చెప్పింది.

భూమి అందరిదీ, కానీ ఎంతవరకు?

భూమి, దాని వనరులు మనుషులందరి కోసం ఉన్నాయన్నది ఈ బోధనకు పునాది. సొంత ఆస్తి హక్కు దాని తర్వాతే. రెండో వాటికన్ మహాసభ 1965లో పెద్ద కమతాలు బీడు పడి ఉంటే, పక్కనే భూమిలేని జనం ఉంటే సంస్కరణలు తేవాలని చెప్పింది. 1967లో ఆరో పాల్ మరో అడుగు వేశారు. ఉమ్మడి మేలుకు అడ్డుగా ఉన్న భూములను కొన్ని సందర్భాల్లో స్వాధీనం చేసుకోవచ్చన్నారు.

అంబేడ్కర్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఇంతకన్నా చాలా ముందుకు వెళ్లారు. సాగుభూమి మొత్తం రాజ్యం చేతిలో ఉండాలని, భూస్వామి, కౌలుదారు, కూలీ అనే తేడాలే పోవాలని ప్రతిపాదించారు. చర్చి బోధన అంతదూరం రాదు. ఆస్తికి హద్దులు గీస్తుందే కానీ, యాజమాన్యం పునాదిని మార్చదు.

పెట్టుబడిదారీ, సోషలిజం: రెండింటికీ దూరం

రెండో జాన్ పాల్ 1981లో పెట్టుబడి కన్నా శ్రమకే ప్రాధాన్యం అన్నారు. 1987లో ‘పాప నిర్మాణాలు’ అనే మాటను ముందుకు తెచ్చారు. అన్యాయం ఒక్కొక్కరి దుర్గుణంతో ఆగిపోదని, అది వ్యవస్థల్లో గడ్డకడుతుందని దాని అర్థం. 1991లో మార్కెట్‌ను చట్టం హద్దుల్లో ఉంటే అంగీకరించారు, అదుపులేని పెట్టుబడిదారీ విధానాన్ని కాదన్నారు. పైవాళ్ల దగ్గర సంపద పెరిగితే కిందికి దానంతటదే కారుతుందన్న వాదనకు ఆధారాలు లేవని 2013లో పోపు ఫ్రాన్సిస్ రాశారు.

అవినీతి అంటే లంచం ఒక్కటేనా?

క్యాథలిక్ సత్యోపదేశం దొంగతనం కింద చేర్చిన జాబితా చూడండి: అన్యాయమైన కూలి, ఇతరుల అవసరాన్ని చూసి ధర పెంచడం, పన్ను ఎగవేత, ఉమ్మడి ఆస్తిని సొంతానికి వాడుకోవడం. 2004లో వచ్చిన సామాజిక బోధన సంగ్రహం రాజకీయ అవినీతిని ప్రజాస్వామ్యానికి పట్టిన అత్యంత తీవ్రమైన వికృతుల్లో ఒకటిగా పేర్కొంది.

ఈ కొలత మనకు పనికొస్తుంది. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో ఎస్సీ ఉపప్రణాళిక నిధులు వందల కోట్లు మళ్లించారని సమాచార హక్కు దరఖాస్తులతో బయటపడింది. కేంద్రం పార్లమెంటులో ఆ తప్పును ఒప్పుకుంది. అక్కడ ఎవరూ లంచం తీసుకోనక్కర్లేదు. దళితులకు చెందాల్సిన సొమ్ము వేరేచోటికి పోవడమే దోపిడీ.

ఈ కొలత వాటికన్‌కూ వర్తిస్తుంది. 2021లో ఫ్రాన్సిస్ వాటికన్ ఉద్యోగులు 40 యూరోలకు మించిన కానుకలు తీసుకోరాదని నిబంధన పెట్టారు. లండన్ ఆస్తి కొనుగోలు వ్యవహారంతో ముడిపడిన కేసులో 2023 డిసెంబరులో వాటికన్ కోర్టు కార్డినల్ ఆంజెలో బెచ్చూకు అయిదున్నరేళ్ల శిక్ష వేసింది. ఆయన దానిపై అప్పీలు చేశారు.

బోధనలో కులం ఎక్కడ?

ఇదే అసలు లోటు. ఈ బోధన యజమాని, కార్మికుడి మధ్య పుట్టింది. కులాన్ని ఆర్థిక వ్యవస్థగా చూడలేదు. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనే ఎక్కువ తక్కువలుగా విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. రెండో జాన్ పాల్ 2003లో తమిళనాడు బిషప్పులతో చర్చిలోని కుల వివక్షను తప్పుపట్టారు. 2016 విధానం చర్చిలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో ఆ హోదా పొందిన తొలి వ్యక్తి ఆయన. ప్రాతినిధ్యం అవసరమే. అది ఒక్కటే వ్యవస్థను మార్చదు.

దీనికి రాజ్యం చేసిన అన్యాయం తోడైంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ-సీగా గుర్తించి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. ఎస్సీ నిధులు, అత్యాచార నిరోధక చట్టం రక్షణ మాత్రం అందవు. కులం మాత్రం మతంతోపాటు మారదు.

చేతిలో ఉన్న సాధనం

1983 చర్చి చట్టంలోని కానన్ 1286 చర్చి ఆస్తులు చూసేవాళ్లు దేశ కార్మిక చట్టాలు పాటించాలని, ఉద్యోగులకు న్యాయమైన వేతనం ఇవ్వాలని ఆదేశిస్తోంది. ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండాలని కానన్ 537, విశ్వాసులిచ్చిన కానుకల లెక్కలు వారికే చెప్పాలని కానన్ 1287 అంటున్నాయి.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు ఇవి. మిషన్ బడిలో ఊడ్చేవారికి, ఆయాలకు, వంటవాళ్లకు కనీస వేతనం, పీఎఫ్ అందుతున్నాయా? ఆర్థిక మండలిలో దళితులు, ముఖ్యంగా దళిత మహిళలు ఎందరు? కానుకల లెక్క విచారణలో చదివి వినిపించారా? సీట్లు, ఉద్యోగాలు ఎవరికి పోతున్నాయి?

ఇవి బయటివాళ్లు మోపిన నిందలు కావు, చర్చి తనకు తానే రాసుకున్న నియమాలు. వాటిని అమలు చేయమని అడిగే హక్కు దళిత విశ్వాసులకు ఉంది.