పాత వైరింగ్‌కు కొత్త సాకెట్‌.. ఎర్త్‌ లేకుంటే ముప్పే

నడికుడి: పల్నాడులో ఎండలు ముదిరితే పాత ఇళ్లలోకి సైతం కూలర్లు, ఫ్రిజ్‌లు చేరుతాయి. దశాబ్దాల కిందట కట్టిన ఇళ్లలో సాధారణంగా చెక్కపట్టీల మీద ఫేజు, న్యూట్రల్‌ తీగలు రెండే ఉంటాయి. ఎర్త్‌ తీగ ఉండదు. బల్బు, ఫ్యాను కోసం వేసిన ఆ వైరింగ్‌నే పొడిగించి ఇనుప కూలరుకు వాడితే, లోపల తీగ తొడుగు చెడిన నాడు బాడీ మొత్తానికీ 230 వోల్టుల విద్యుత్తు పాకుతుంది. తడి చేత్తో తాకితే ప్రాణాపాయమే.

చేయకూడనివి
* ఎర్త్‌ లేని లైనుకు త్రీపిన్‌ సాకెట్‌ బిగించి వదిలేయరాదు. మూడో రంధ్రం ఉంటుందే గానీ రక్షణ ఉండదు.
* సాకెట్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌ పిన్నుకు కలపరాదు. పాత బోర్డుల్లో న్యూట్రల్‌కూ ఫ్యూజు ఉంటుంది. అది కాలిపోయినా, తీగ తెగినా ఉపకరణం బాడీలోకి ఫేజు వస్తుంది.
* నీటి పైపును ఎర్త్‌గా వాడరాదు.

సరైన పద్ధతి
పాత తీగలకు అతుకు వేయకుండా మెయిన్‌ బోర్డు నుంచి కొత్త లైను విడిగా పీవీసీ పైపులో తీసుకోవాలి. మామూలు సాకెట్లకు 2.5, గీజరు, ఏసీ వంటి వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు సాధారణంగా వాడతారు. ఆకుపచ్చ రంగు ఎర్త్‌ తీగ గుంత నుంచి సాకెట్‌ వరకు ఎక్కడా తెగకుండా ఉండాలి. దారిలో స్విచ్చు గానీ ఫ్యూజు గానీ పెట్టరాదు.

రాతి నేలలో జాగ్రత్త
ఎర్తింగ్‌కు సంబంధించిన ఐఎస్‌ 3043 ప్రకారం పైపు ఎర్త్‌కు కనీసం 2.5 మీటర్ల పొడవైన జీఐ పైపు వాడాలి. గుంత గోడకు 1.5 మీటర్ల దూరంలో ఉండాలి. ఈ ప్రాంతం సున్నపురాతి నేల. రాయిలో, ఎండిన మట్టిలో విద్యుత్తు తేలిగ్గా పారదు. అందుచేత బొగ్గు, ఉప్పు నింపి, వేసవిలో గుంతకు నీళ్లు పోస్తూ, మీటరుతో నిరోధం కొలిపించాలి.

అయినా ఎర్త్‌ ఒక్కటే చాలదు. ఎర్త్‌ మార్గం మొత్తం నిరోధం 10 ఓములుంటే, బాడీకి ఫేజు తగిలినప్పుడు పారేది 23 ఆంపియర్లే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడిపోదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఆ లైను న్యూట్రల్‌ను పాత న్యూట్రల్‌తో కలిపితే అది ఊరకే పడిపోతుంటుంది. విసిగి దాన్ని తొలగించరాదు. కలిసిన తీగలను విడదీయించాలి. టెస్టు బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి పనితీరు చూసుకోవాలి.

పాత తీగలకు పరీక్ష
అలాగే ఉంచే పాత తీగలను 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షించాలి. ఇన్సులేషన్‌ నిరోధం ఒక మెగోమ్‌ కంటే తగ్గితే తీగలు మార్చక తప్పదు.

నిబంధనల ప్రకారం ఈ పనులను లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్‌ కాంట్రాక్టరుతోనే చేయించాలి. అదనపు ఉపకరణాలకు తగినట్లు మంజూరు లోడును ఏపీసీపీడీసీఎల్‌ వద్ద పెంచుకోవాలి. సరఫరాలో లోపాలుంటే 1912కు ఫోన్‌ చేయవచ్చు.