అసలుదా, ఎగిరేదా?

“పాత నౌకాదళ విమానాన్ని అసలు రూపంలో ఎగిరే స్థితికి తేవడం.” ఈ పనికి దిగినవాళ్ల లక్ష్యం ఇంతే. కానీ ఈ వాక్యంలోనే రెండు మాటలకు పొసగదు. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

పాత: విమానం వయసును ఏళ్లతో కాదు, విడిభాగాలతో లెక్కగట్టాలి. తయారీ ఆగి, స్పేర్లు దొరకడం మానేస్తే అది పాతదైనట్టే. పైగా వాడకుండా షెడ్డులో పెట్టిన విమానం క్షేమంగా ఉంటుందనుకోకూడదు. రబ్బరు సీళ్లు ఎండి బీటలు వారతాయి, వైర్ల తొడుగు పెళుసెక్కుతుంది.

నౌకాదళ: అంటే ఉప్పుగాలిలో బతికిన విమానం. 1961లో వచ్చిన మన తొలి విమానవాహక నౌక విక్రాంత్ మీద పనిచేసిన సీ హాక్ జెట్లకు, ఓడలో చోటు సరిపోవడానికి మడిచే రెక్కలు, డెక్ మీద అడ్డంగా కట్టిన తీగను పట్టుకోవడానికి తోక కింద కొక్కెం ఉండేవి. దిగిన ప్రతిసారీ ఒళ్లంతా కుదుపే. అందుకే పునరుద్ధరించేవాళ్లు మొదట చూసేది మడత కీళ్లనూ, కొక్కెం బిగించిన చోటునూ. తుప్పు, పగుళ్లు తరచుగా అక్కడ మొదలవుతాయి.

అసలు రూపంలో: ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ విమానం సెట్ వేస్తే, కెమెరా చూసే వైపు సరిగ్గా కుదిరితే చాలు. ఇక్కడ ఎవరికీ కనబడని రివెట్ కూడా లెక్కలోకి వస్తుంది. బ్రిటిష్ నౌకాదళపు స్వోర్డ్‌ఫిష్ విమానం ఒకటి 1941 నాటిది. రెక్కల్లో తుప్పు బయటపడి 2003లో దాన్ని ఆపేశారు. కొత్త రెక్కలు చేయించి తొడిగాకే, 2015లో మళ్లీ ఎగిరింది. ఎగరడానికి అసలు రెక్కలనే వదులుకోవలసి వచ్చింది.

ఎగిరే స్థితికి: ఇక్కడ కళ్లను నమ్మరు. అనుమానం ఉన్న చోట రంగు తీసేసి, ఎర్రని ద్రవం పూసి, కాసేపాగి తుడిచేస్తారు. పైన తెల్లపొడి చల్లితే, పగులులో దాక్కున్న ఎరుపు పైకి ఊరి వెంట్రుకంత గీతగా తేలుతుంది. ఆ గీత తేలిన భాగం ఎంత అసలుదైనా పక్కన పెట్టాల్సిందే. ఎజెక్షన్ సీటులో పేలే గుళికలకూ గడువు తేదీ ఉంటుంది. ప్రతి భాగానికీ కాగితం కావాలి. కాగితం లేని మంచి భాగం కన్నా, కాగితం ఉన్న కొత్త భాగానికే విలువ.

తేవడం: మన వాయుసేన 2018లో ఒక పాత డకోటాను ఎగిరే స్థితిలోనే బ్రిటన్ నుంచి తెచ్చుకుంది. విశాఖ దారి వేరు. 1988లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన టీయూ-142 విమానాలు 29 ఏళ్లు సముద్రం మీద నిఘా కాసి, 2017 మార్చి 29న అరక్కోణంలో సెలవు తీసుకున్నాయి. వాటిలో ఒకటి ఆ ఏప్రిల్‌లో విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాకు ఎగిరి వచ్చింది. తర్వాత దాన్ని భాగాలుగా విప్పి, బీచ్ రోడ్డుకు చేర్చి, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఎదురుగా మళ్లీ బిగించారు. డిసెంబరులో ఆ విమానమే మ్యూజియంగా తెరుచుకుంది.

అది ఇక ఎగరదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. నాలుగు టర్బోప్రాప్ ఇంజిన్లకు స్పేర్లు వెతికే ఖర్చు అటుంచి, ఎగిరిస్తే అసలు లోహం ఒక్కో ముక్కా జారిపోతుంది. నేల మీద నిలబెట్టడంతో ఆ లోహం మనకు మిగిలింది. కాకపోతే సముద్రం ఎదురుగానే ఉంది కాబట్టి, ఉప్పు కడిగే పనికి సెలవుండదు. అసలుతనాన్ని ఎంచుకున్నవాళ్లు కట్టాల్సిన బాకీ అదే.