బొమ్మలకు పేర్లు పెట్టే ఆట

ఫిల్ము కెమెరాల కాలంలో ఏరివేత చాలావరకు ఫోటో తీయకముందే జరిగిపోయేది. రీలుకు ముప్పైఆరు బొమ్మలు. అదృష్టం బాగుంటే చివర మరొకటి దొరికేది. పెళ్ళంతటికీ రెండో మూడో రీళ్ళు. కడిగించి, ప్రింట్లు వేయించి, నల్లటి అట్టల మీద మూలలు అంటించి, నడుమ పలుచని బటర్ పేపరు వేసిన ఆల్బం చేతికి వచ్చేసరికి ఆ పెళ్ళి సారాంశం సిద్ధంగా ఉండేది. దాన్ని తిరగేసినప్పుడల్లా పక్కన కూర్చుని, “ఈవిడ మీ తాతగారి మేనత్త, ఆ వెనక తలపాగా ఆయన కరణంగారు” అని చెప్పేవారు ఒకరుండేవారు. ఆ చెప్పే మనిషి లేని ఆల్బం సగం ఆల్బమే. డిజిటల్ కాలంలో ఈ రెండు పనులను, అంటే ఏరడాన్నీ, పేరు చెప్పడాన్నీ, యంత్రానికి అప్పగించాలని ఎవరెవరు ఏ విధంగా ప్రయత్నించారో ఇక్కడ చెప్పుకుందామనుకుంటున్నాను.

1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీరు తయారు చేసిన మొదటి డిజిటల్ కెమెరా అడ్డంగా నూరు, నిలువుగా నూరు చుక్కల బొమ్మను తీసేది. దాన్ని కాసెట్టు టేపు మీద ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది. ఒక టేపులో 30 బొమ్మలు పట్టేటట్టు ఆయన ఏర్పాటు చేశాడు. ఆనాటి ఫిల్ము రీళ్ళలో ఉండే ఇరవైనాలుగుకూ ముప్పైఆరుకూ మధ్య అంకె అది. కొత్త యంత్రం పాత అలవాటు కొలతలోనే పుట్టిందన్నమాట. తరువాత పాతికేళ్ళలో ఆ కొలత పూర్తిగా చెదిరిపోయింది. మనిషి ఏడాదికి వందలు, వేలు తీయడం మొదలుపెట్టాడు. కెమెరా వాటికి పెట్టే పేరు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు, అంతే. 1998లో జపాను పరిశ్రమ నిర్ణయించిన పద్ధతి అది. ఐఎంజీ 0417 అన్న పేరు చూసి అది అన్నప్రాశనో, అంత్యక్రియో ఎవరు చెప్పగలరు?

అయితే అదే పరిశ్రమ 1995లో ఎగ్జిఫ్ అనే మరొక ఏర్పాటు చేసిపెట్టింది. బొమ్మతో బాటు దాన్ని తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను కూడా అదే ఫైలులో దాగి ఉంటాయి. పరిశోధకులకు ఇదొక దారం కొసలా దొరికింది. 2002లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రాహం, గార్సియా-మోలినా, పెప్కే, వినోగ్రాడ్ అనే నలుగురు, కాలమే ఫోటోల పరిమళమన్నంతగా, సమయం ఒక్కటే ఆధారంగా ఫోటోలను గుత్తులు కట్టి చూపారు. మనం ఫోటోలు ఏకధాటిగా తీయం. తాళి కట్టే వేళ పది నిమిషాల్లో ఎనభై, భోజనాల వేళ నాలుగు, ఆపైన వ్రతం దాకా ఏమీ ఉండవు. ఆ ఖాళీలను పట్టుకుంటే సంఘటనల సరిహద్దులు దొరుకుతాయి. 2003లో మైక్రోసాఫ్టులో జాన్ ప్లాట్, ఆయన సహచరులు చేసిన ఫోటోటాక్ అనే పనిముట్టు, ఒక ఖాళీ తన చుట్టుపక్కల ఖాళీల సగటు కంటే బాగా పెద్దదైతే అక్కడ కొత్త అధ్యాయం మొదలైనట్టు లెక్కగట్టేది. ఒక్కొక్క అధ్యాయానికి ఒక్క ప్రతినిధి ఫోటోను ముందు నిలిపేది. పుస్తకానికి విషయసూచిక ఉన్నట్టే ఫోటోలకూ ఉండాలన్నది వారి ఊహ. ఎంత అందమైన ఊహ! ఈనాడు మన ఫోన్లు ఫోటోలను రోజులవారీగా, యాత్రలవారీగా విడదీసి చూపుతున్నాయంటే దాని వెనక ఈ సులువైన లెక్కకు పెద్ద వాటా ఉంది.

కానీ ఈ లెక్క పాత ఫోటోల దగ్గర తెల్లబోతుంది. మా ఇంట్లో ఉన్న కాగితపు ఫోటోలన్నీ 2009 వేసవిలో నాలుగు రోజుల పాటు కూర్చుని స్కాన్ చేశాను. 1958 నాటి స్టూడియో ఫోటో మొదలుకొని 1994 నాటి గృహప్రవేశం దాకా అన్నీ యంత్రానికి 2009 మే నెలలో జరిగిన ఒకే ఉత్సవంలా కనబడ్డాయి. మూడు తరాలు ఒక్క వారంలో పుట్టి, పెళ్ళిళ్ళు చేసుకుని, కాలం చేశాయి! ఇంకొక సంగతి. కాగితపు ఫోటోకు వీపు ఉంటుంది. దాని మీద స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన తేదీ, ఒక్కోసారి పేర్లు కూడా ఉంటాయి. స్కానరుకు ముఖమే గాని వీపు పట్టదు. పాత ఫోటోలు స్కాన్ చేయబోయేవారు ఎవరైనా ఉంటే రెండో వైపు కూడా తప్పక స్కాన్ చేయమని నా మనవి.

ఇక పేర్ల సంగతి. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్, హ్యున్మో కాంగ్ 2000 సంవత్సరంలో ఒక పద్ధతి చూపారు. పక్కన పేర్ల పట్టీ ఉంటుంది. అందులోంచి ఒక పేరును మౌసుతో లాక్కొచ్చి ఫోటోలోని మనిషి మీద వదిలితే అక్కడ అంటుకుంటుంది. సులువైన పనే, కానీ ఎంత సులువైనా విసుగు పుట్టించే పనే. ఈ విసుగును ఎలా దాటాలన్న ప్రశ్నకు పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక చిత్రమైన జవాబు దొరికింది. (మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు రోబోటిక్స్ సంస్థను నెలకొల్పి పేరు తెచ్చిన విశ్వవిద్యాలయమే ఇది.) గ్వాటెమాలా నుండి వచ్చిన లూయీస్ వాన్ ఆన్ అనే విద్యార్థి, విసుగు పనిని ఆటగా మార్చేస్తే జనం జీతం అడగకుండా చేస్తారని గ్రహించాడు.

2003లో మొదలైన ఆ ఆటకు అతీంద్రియ జ్ఞానాన్ని సూచించే ఈఎస్పీ అన్న పేరు పెట్టారు. ఒకరికొకరు తెలియని ఇద్దరికి ఒకే బొమ్మ కనబడుతుంది. ఇద్దరికీ మాటా మంతీ ఉండదు. అవతలివాడు ఏ మాట టైపు చేస్తాడో ఊహించి తానూ అదే చేయాలి. ఇద్దరి మాటా కలిసిందా, పాయింట్లు. రెండున్నర నిమిషాల్లో పదిహేను బొమ్మలు. ఇద్దరూ కలిసిన మాట ఆ బొమ్మకు పేరుగా స్థిరపడుతుంది. తరువాత ఆడేవారికి అదే నిషిద్ధ పదమవుతుంది, కాబట్టి వాళ్ళు ఇంకొక మాట వెతుక్కోవాలి. లారా డాబిష్‌తో కలిసి 2004లో వాన్ ఆన్ ప్రకటించిన లెక్కల ప్రకారం నాలుగు నెలల్లో 13,630 మంది ఆడి, 2,93,760 బొమ్మలకు 12,71,451 మాటలు సమకూర్చారు. ఐదువేల మంది ఆపకుండా ఆడితే, ఆనాడు గూగుల్‌లో ఉన్న 42.5 కోట్ల బొమ్మలకు నెల రోజుల్లో పేర్లు పెట్టేయవచ్చని కూడా వారు లెక్క వేశారు. ఆ మాట గూగుల్ చెవిన పడకుండా ఉంటుందా! 2006లో ఇదే ఆటను తెచ్చుకుని తన పేరుతో నడిపింది. 2011లో ఆపింది.

ఆ రోజుల్లో ఫోటోలకూ ఆటలకూ ఏదో చుట్టరికం ఉన్నట్టే తోస్తుంది. 2004లో వచ్చిన ఫ్లికర్ కూడా కెనడాలో ఒక చిన్న సంస్థ కట్టబోయిన అంతర్జాల ఆట నుండి పుట్టినదే. ఆట ఆగిపోయింది, అందులోని ఫోటోల పంపకం మిగిలి వేరే వృక్షమైంది. వాన్ ఆన్ బృందం 2009లో మ్యాచిన్ అనే మరో ఆటను వివరించింది. ఇద్దరికీ రెండు బొమ్మలు చూపి, వీటిలో నీ జోడీదారుకు ఏది నచ్చుతుందో చెప్పమంటుంది. ఇది పేరు పెట్టడం గాక ఏరడం. ఏది ముందుండాలి, ఏది వెనక్కి పోవాలి అన్న తీర్పును కూడా ఆటలోంచే పిండుకోవచ్చని దీంతో తేలింది.

నాకు ఈ ఆటల చరిత్రలో అన్నింటికంటే ఆసక్తి కలిగించినది ఈఎస్పీ మీద వచ్చిన ఒక విమర్శ. ఇంగ్మార్ వెబర్, స్టీఫెన్ రాబర్ట్‌సన్, మిలన్ వొయ్‌నొవిచ్ అనే పరిశోధకులు 2009లో ఈ ఆట ఆడే ఒక ప్రోగ్రాము గురించి రాశారు. అది బొమ్మను అసలు చూడదు! బొమ్మకు అప్పటికే ఉన్న మాటలను బట్టి తరువాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి టైపు చేస్తుంది. అలా గుడ్డిగా ఆడి కూడా 69 శాతం బొమ్మలకు అవతలి మనిషితో ఏకాభిప్రాయానికి వచ్చింది. నిషిద్ధ పదం ఒక్కటైనా ఉన్న బొమ్మల్లోనైతే 81 శాతం. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. అపరిచితులిద్దరు కలవాలంటే ఇద్దరికీ తోచే మాటే చెప్పాలి. మనిషి, ఆకాశం, చెట్టు, ఎరుపు. ఒకరికి మాత్రమే తెలిసిన సంగతి ఎంత విలువైనదైనా ఈ ఆటలో ఓటమే. కుటుంబ ఫోటోలో విలువైనదేమో సరిగ్గా ఆ ఒకరికి మాత్రమే తెలిసిన సంగతి.

ఆ తరువాతి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఫే-ఫే లీ బృందం ఆటను వదిలి కూలికి మళ్ళింది. అమెజాన్ వారి మెకానికల్ టర్క్ ద్వారా 167 దేశాల నుండి దాదాపు 49 వేల మంది పనిచేసి ఇమేజ్‌నెట్‌ను నిర్మించారు. 2009లో వెలువడిన ఆ భాండాగారం కోటీ నలభై లక్షల బొమ్మల దాకా పెరిగింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయం వారి నాడీజాలం దాని మీద సాధన చేసి బొమ్మలను గుర్తించే పోటీలో తక్కినవారిని చాలా వెనక్కి నెట్టింది. 2015 మే నెలలో గూగుల్ ఫోటోస్ వచ్చింది. “సముద్రం” అని వెతికితే ఎవరూ పేరు పెట్టని సముద్రపు ఫోటోలు వరుసకట్టి వచ్చాయి. అదే ఏడాది జూన్‌లో అది ఒక నల్లజాతి యువకుణ్ణీ అతని స్నేహితురాలినీ గొరిల్లాలుగా వర్గీకరించింది. సంస్థ క్షమాపణ చెప్పి, ఆ వర్గాన్నే తీసివేసింది. 2018లో పరీక్షించి చూసినా ఆ మాట తిరిగి రాలేదు.

ఏరడంలో జరిగే అపచారం ఇంకొక రకం. 2014 డిసెంబరులో ఫేస్‌బుక్ తన సభ్యులకు ఆ ఏటి సారాంశాన్ని తానే కూర్చి చూపింది. ఎక్కువమంది స్పందించిన ఫోటోను నడుమ ఉంచి, చుట్టూ నాట్యమాడే బొమ్మలు అలంకరించింది. అమెరికాలో ఒక తండ్రికి ఆ నడుమ కనబడినది ఆ ఏడే కన్నుమూసిన అతని కూతురి ముఖం. ఆ ఫోటోకు స్పందనలు ఎందుకు ఎక్కువగా వచ్చాయో యంత్రానికి తెలియదు. అంకె తెలుసు, అంతే. ఆల్బం తిప్పుతూ అలాంటి పుట దగ్గరకు వచ్చినప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మాట్లాడకుండా రెండు పుటలు కలిపి తిప్పేసేవారు. ఆ నేర్పు యంత్రానికి ఎలా చెప్పడం?

ముఖాలను జట్లు కట్టే విద్య 2008, 2009లలో పికాసా, ఐఫోటో ద్వారా సామాన్యుల చేతికి వచ్చింది. “వీరిద్దరూ ఒకరేనా?” అని అడుగుతుంది, అవుననో కాదనో నొక్కాలి. అదీ ఒక ఆటే. నేను స్కాన్ చేసిన ఫోటోలను అటువంటి పనిముట్టుకు ఇస్తే, ఇరవై ఏళ్ళ మా నాయనమ్మనూ ఇరవై ఏళ్ళ మా అత్తయ్యనూ ఒకే మనిషిగా చేసింది. అరవై ఏళ్ళ నాయనమ్మను వేరొక మనిషిగా చేసింది. తల్లీకూతుళ్ళ పోలికను గుర్తించినందుకు మెచ్చుకోవాలో, నవ్వుకోవాలో తెలియలేదు.

అందుకని ఇంట్లో ఈఎస్పీ ఆటను తలకిందులు చేసి ఆడించాను. నలభై ఫోటోలు ప్రింటు వేయించి, మా అమ్మకు ఒక కట్ట, అత్తయ్యకు ఒక కట్ట ఇచ్చి వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు? పిల్లలు రాతగాళ్ళు. ఇద్దరి మాటా కలిస్తే ఒక పాయింటు, కలవకపోతే మూడు పాయింట్లు. ఆ ఫోటోను ఇద్దరి ముందూ పెట్టి వాదించుకోనివ్వడమే తరువాతి అంకం. దివిసీమలో మా పాత ఇంటి ముందు తీసిన ఒక ఫోటోలో పదకొండుగురున్నారు. అది ఉప్పెన తరువాతిదని అమ్మ, ముందుదని అత్తయ్య.

“కాదు వదినా, ఆ చివర గుంజకు ఆనుకుని నిలబడ్డ పిల్లాడు ఎవరనుకున్నావు? మన పాలేరు కొడుకు. ఉప్పెన ముందుదే.”

అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. ఆ తరువాత మారు మాట్లాడలేదు. 1977 నవంబరు 19న సముద్రం తీసుకుపోయిన వేలమందిలో ఆ పిల్లవాడు ఒకడు. అతని వాళ్ళు కూడా మిగలలేదు. అతనిది వేరే ఫోటో ఏదీ ఉండే అవకాశం లేదు. ఇదే ఫోటోను ఏ ఇద్దరు అపరిచితులకు చూపినా ఇల్లు, మనుషులు, కొబ్బరిచెట్టు అంటారు. అత్తయ్య అతని పేరు చెప్పింది.

ఆ పేరును ఎక్కడ రాయాలన్నది చిన్న ప్రశ్న కాదు. పికాసా ముఖాల పేర్లను మొదట్లో ఫోటోలో గాక, పక్కన దాగి ఉండే చిన్న ఫైలులో రాసుకునేది. 2016లో గూగుల్ పికాసాను నిలిపివేసింది. ఫోటోలను ఇటూ అటూ మార్చుకున్న చాలామందికి బొమ్మలు దక్కాయి, పేర్లు దక్కలేదు. గూగుల్ ఫోటోస్‌లో మనం పెట్టే ముఖాల పేర్లు కూడా ఫోటో ఫైలులోకి ఎక్కవు. ఫైలుతో బాటు ప్రయాణించే వ్యాఖ్య కోసం వార్తాసంస్థలు ఏర్పరచుకున్న పాత ఐపీటీసీ పద్ధతి ఉంది. అందులో వ్యాఖ్యకు ఇచ్చిన చోటు 2,000 బైట్లు. యూనికోడులో తెలుగు అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. “లక్ష్మి” అని రాస్తే ఇరవైఒక్క బైట్లు! అదే ఇంగ్లీషులో ఏడు. ఆ తరువాత వచ్చిన ఎక్సెంపీ పద్ధతికి అంత పిసినారితనం లేదు. కనుక నేను అందులోనే తెలుగులో రాస్తున్నాను: ఎడమ నుండి కుడికి పేరు, వరుస, ఊరు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు. అభిప్రాయభేదం ఉంటే ఇద్దరి మాటా రాస్తున్నాను. అదే వ్యాఖ్యను కాగితపు ఫోటో వీపున మెత్తటి పెన్సిలుతో కూడా రాస్తున్నాను.

నలభై ఫోటోల్లో ఆ రోజు తేలనివి ఆరు. వాటిలో నాలుగు తాతగారు ఉద్యోగరీత్యా ఒంగోలులో ఉన్నప్పటివి. ఆ రోజుల్లో అక్కడ వాళ్ళ పక్క వాటాలో ఉన్న ఒకావిడ ఇప్పుడు నెల్లూరులో కూతురి దగ్గర ఉంటున్నారట. ఫోటోలు కాస్త పెద్దవిగా ప్రింటు వేయించి పెట్టుకున్నాను.